మందు చప్పబడలేదు

తెనాలి,
జులై 6, 2025.

చెల్లెమ్మ శకుంతలకు,

షుకూర్ అన్నయ్యని, రాస్తున్నాను. ఈ కాలంలో ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏంటి అనుకోకు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే అవతలి మనిషి మాట్లాడుతున్నాడో బియ్యం చెరుగుతున్నాడో తెలియడం లేదు. మే నెలలో మీ పొలంలో తుపాకి గొట్టం పగిలిన రోజున కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి అరకొరగా ఉంది. వాట్సాప్‌లో రాయమని మా ఆవిడ గౌస్ బీ అంటుంది. ఆ బుల్లి అక్షరాలు నా వేళ్ళకి లొంగవు. తాళాలూ స్టవ్వులూ బాగుచేసుకునే మోటు వేళ్ళు ఇవి.

రామయ్య పెద్దకర్మ రోజున బాపట్ల వచ్చాను. మీ అబ్బాయి చైతన్య నన్ను గుమ్మంలోనే ఆపి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ మొహం చూస్తే అర్థమైంది. వెనక్కి వచ్చేశాను. వాడిని ఏమీ అనకు. వాడి స్థానంలో నేనుంటే కర్ర పుచ్చుకునేవాణ్ణి.

నేను చెప్పాల్సింది ఒక్కటే. నీ భర్తని చంపింది నేను చేసిన తుపాకి మందు. ఆ తుపాకి మీ మామగారి కాలం నాటిది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో కూరి కాల్చే రకం. పంట మీద పడే అడవి పందుల కోసం అప్పట్లో లైసెన్సు ఇచ్చారు. రామయ్య చేతికి వచ్చేసరికి పందులూ లేవు, ఏమీ లేవు. మినుము తీసేశాక ఖాళీ పొలంలో, గట్టు మీద పాత కుండలు పెట్టి ఇద్దరం కాల్చుకోవడం మిగిలింది. ముసలాళ్ళకి ఈ సరదా ఏంటని నువ్వు ఎన్నిసార్లు తిట్టావో. మందు మాత్రం నేనే చేసేవాణ్ణి, మా నాన్న చేసినట్టే. తుపాకికి లైసెన్సు ఉంది, మందు చెయ్యడానికి నాకు లేదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పట్టించుకోలేదు.

ఎక్కడ తేడా వచ్చిందో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ఎప్పుడూ తెచ్చే కంది కట్టె బొగ్గే, ఎప్పుడూ నూరే రోలే. అయినా వాడు పోయాడు. ఆగస్టు ఆఖర్లో, పొలం రేపల్లె పరిధిలోది కాబట్టి అక్కడ ఆర్డీవో గారు విచారణ పెట్టారు. మందు నాది, ఆ మందు వల్లే మనిషి పోయాడు అని చెప్పేస్తాను. జైలంటే జైలు. భయం వెయ్యడం లేదు. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించడం లేదు. నీకు ముందుగా తెలియాలని రాశాను.

షుకూర్ అన్నయ్య


బాపట్ల,
జులై 15.

అన్నయ్య గారికి శకుంతల నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చైతన్య రొయ్యల మేత షాపుకి వెళ్ళాక పోస్ట్‌మేన్ వచ్చాడు కాబట్టి నా చేతికి వచ్చింది.

నేను బాగానే ఉన్నానండి. అడిగిన వాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. కోడలు నీరజ టిఫిన్ పెడితే తింటాను. ఏం తిన్నావని ఎవరన్నా అడిగితే చెప్పలేను. ఏడుపు రావడం లేదు. మా ఆడపడుచు సుబ్బాయమ్మ నన్ను ఏడిపించి మనసు తేలికచేద్దామని వచ్చింది. నేను ఏడవకపోయేసరికి తనే ఏడ్చి, కళ్ళు వాచి, కర్లపాలెం బస్సెక్కింది. నేను బస్టాండు దాకా వెళ్ళి ఆమెని ఓదార్చి వచ్చాను.

చైతన్య మీ మీద కేసు గట్టిగా పెట్టించాలని లాయర్ల చుట్టూ తిరుగుతున్నాడు. వద్దని నేను అనలేదు. పెట్టమనీ అనలేదు. వాడు మాట్లాడుతుంటే గోడ మీద గడియారం చూస్తూ కూర్చుంటాను.

విచారణలో ఏం చెప్పాలో ఇప్పుడే తీర్మానించుకోకండి. చెవి డాక్టరుకి చూపించారా? చూపించుకోండి. వదిన గారిని అడిగానని చెప్పండి.

శకుంతల


తెనాలి,
జులై 28.

చెల్లెమ్మకి,

డాక్టరుకి చూపించాను. కుడిచెవి మీద ఆశ వదులుకోమన్నాడు, అది కూడా కాగితం మీద రాసి చూపించాడు. ఇంట్లో పరువు పోతోందమ్మా. టీవీ పెద్దగా పెడితే గౌస్ బీ తగ్గిస్తుంది, నేను పెంచుతాను. నీ గొంతు పోయింది, గొణుగుతున్నావు అని దాన్నే తిడుతున్నాను. పదిమందిలో కూర్చుంటే అందరూ నవ్వినప్పుడు నవ్వుతున్నాను. ఎవరేం అడిగినా తల ఊపేస్తున్నాను. ఎందుకు ఊపానో ఇంటికొచ్చాక ఆలోచించుకుంటున్నాను.

మొన్న ఇంకో ఘనకార్యం చేశాను. మన మసీదు మైకు చప్పబడింది, అజాన్ వీధి చివరికి కూడా రావడం లేదు, కొత్త సెట్టు కొనండి అని కమిటీ వాళ్ళ మీద ఎగిరాను. మా తమ్ముడి కొడుకు జానీ పడీ పడీ నవ్వాడు. కొత్త సెట్టు కొని నెల కూడా కాలేదట. ఊరంతా మోత తగ్గించమని గోల పెడుతున్నారట. మైకు బాగానే ఉంది పెదనాన్నా, పోయింది నీ చెవే అని చెయ్యి చెవి మీద పెట్టి సైగ చేశాడు వెధవ.

ఒక సంగతి నీకు చెప్పలేదు. పోయిన ఏడాదీ, అంతకు ముందు ఏడాదీ రామయ్యది ఒకటే సణుగుడు. "షుకూరూ, నీ మందు చప్పబడిందిరా. కుండ పగులుతోంది గానీ మోత లేదు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అవతల కొంగలన్నీ లేచిపోతున్నాయి, నా గుండె అదురుతోంది, వీడికి మోత లేదట! ఆ మాట మీద రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. వాడే వచ్చి షాపు ముందు స్టూలు మీద కూర్చుంటే మళ్ళీ మాట్లాడాను.

ఇప్పుడు అనిపిస్తోంది, వాడే కరెక్టు. నా మందులో ఏదో దోషం వచ్చింది. ఒకసారి చప్పగా, ఒకసారి మంటగా తయారైంది. వాడు చెబుతూనే ఉన్నాడు, నేను పొగరుకొద్దీ వినలేదు. విచారణలో ఇది కూడా చెబుతాను.

షుకూర్ అన్నయ్య


బాపట్ల,
ఆగస్టు 4.

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. మసీదు మైకు గురించి రాసిన చోట ఆగిపోయాను.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పండి. ఆ రోజు తుపాకిలో మందు ఎవరు పోశారు? తర్వాత తుపాకి ఎవరి చేతిలో ఉంది? పోలీసులు ఏదో రాసుకున్నారు. నేను ఎవరినీ అడగలేదు, నాకు ఎవరూ చెప్పలేదు.

శకుంతల


తెనాలి,
ఆగస్టు 9.

చెల్లెమ్మకి,

నీ మీద కోపమేంటమ్మా. అడగాల్సిన దానివే అడిగావు.

మాకు మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కాల్చేవాడు మందు కొలవకూడదు. కాల్చేవాడి దృష్టంతా కుండ మీద ఉంటుంది, ఆశ కొద్దీ చెయ్యి పెద్దది చేస్తాడు అని మా నాన్న పెట్టిన నియమం. అందుకని వాడి వంతు వచ్చినప్పుడు నేను కొలిచేవాణ్ణి, నా వంతుకి వాడు. కొలిచేది చిన్న గేదె కొమ్ముతో. అది నిండితే ఒక దెబ్బకి సరిపడా మందు, అంతే.

ఆ రోజు పొద్దున్నే ఎండ మొదలైంది. నా వంతు అయిపోయింది, కుండ పగలగొట్టాను. వాడి వంతుకి నేనే కొలిచి, నేనే గొట్టంలో పోశాను. నా చెయ్యి తప్పలేదు, ఆ మాట ఖుదా మీద ఒట్టేసి చెబుతాను. తుపాకి వాడికిచ్చాను. గుండు పెట్టి కూరుకోవడం ఎవరి వంతు వాళ్ళదే. ఎండగా ఉంది, నీడలో కూర్చుని కూరుకొస్తానని మోటారు షెడ్డులోకి వెళ్ళాడు. ఈ రెండు మూడేళ్ళుగా ప్రతిసారీ షెడ్డులోకే వెళ్ళేవాడు. వయసు మీద పడింది, ఎండకి ఓర్చుకోలేకపోతున్నాడు అనుకునేవాణ్ణి.

వచ్చి నిలబడ్డాడు. నేను వాడికి ఎడమపక్కన, కొంచెం వెనగ్గా ఉన్నాను. గట్టు మీద పచ్చడి జాడీ పెట్టాను, నువ్వు పారేసిందే. "చూడరా, ఈసారి ఎలా మోగుతుందో" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ తర్వాత నాకు మోత గుర్తులేదు. పొగ మాత్రం తెల్లగా లేచింది. పొగ పోయాక వాడు కింద ఉన్నాడు. జాడీ అలాగే ఉంది. నేను వాడిని పిలుస్తూనే ఉన్నానట, పక్క పొలం వాళ్ళు చెప్పారు. నా గొంతు నాకే వినపడలేదు.

కొలత సరిగ్గా ఉంది. గొట్టం అంతకు ముందే నేను తుడిచి చూశాను, పగులు లేదు. ఇక మిగిలింది మందే కదమ్మా. అందుకే అంటున్నాను నా మందే అని.

షుకూర్ అన్నయ్య


బాపట్ల,
ఆగస్టు 16.

అన్నయ్య గారికి,

ఈ ఉత్తరం రాయకూడదని ఆయనకి ఒట్టేశాను. రాస్తున్నాను.

మీ మందు చప్పబడలేదు అన్నయ్య గారూ. ఆయన చెవులు పోయాయి.

మూడేళ్ళ కిందట మొదలైంది. నేను వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు. టీవీ పెద్దగా పెట్టేవారు. నువ్వు గొణుగుతున్నావే అని నన్ను తిట్టేవారు. మీరు మీ ఇంట్లో సంగతి రాస్తే మా ఇల్లే చూసినట్టుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి చెప్పేసేవారు, అందుకని బయట ఎవరూ కనిపెట్టలేదు. లైసెన్సు రెన్యువల్‌కి డాక్టరు దగ్గరికి వెళ్ళినా అలాగే నెట్టుకొచ్చారు. మీతో ఫోన్లో మాట్లాడాల్సి వస్తే నాకిచ్చేసి, ఆయన పొలంలో ఉన్నారని చెప్పమనేవారు. మీరు చాలాసార్లు అలా విన్నారు.

తుపాకి మోత ఆయనకి ఎక్కడో తలుపు వేసినట్టు వినపడేదట. మొదట్లో నిజంగానే మీ మందు తగ్గిందనుకున్నారు. చెవుల వల్లేనని తెలిశాక కూడా మీతో ఆ మాటే అనేవారు. ఆయన చొక్కా జేబుకి నల్లటి మరకలు ఎందుకవుతున్నాయని నేను ఒకరోజు నిలదీశాను. బీపీ బిళ్ళల డబ్బా తీసి చూపించారు. మీరు ఏటా ఇచ్చే మందులోంచి కొంచెం దాచి అందులో పోసుకున్నారు. షెడ్డులోకి వెళ్ళి, మీరు కొలిచి పోసినదాని మీద అది కూడా పోసి, అప్పుడు గుండు కూరేవారట. "మోత వినపడకపోతే కాల్చి ఏం లాభమే" అన్నారు. అలా అయితే కాస్త వినపడేదట. ఈ ఏడు అదీ చాలలేదేమో, ఎంత పోశారో దేవుడికే తెలియాలి.

షుకూర్ అన్నయ్యకి చెప్పండి, లేకపోతే నేను చెబుతానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "చెప్పావంటే వాడు మందు పోసి నా చేతికి తుపాకి ఇవ్వడు. చెవిటోడితో ఆడను అంటాడు. ఏడాదంతా నేను ఎదురుచూసేది ఆ నాలుగు రోజుల కోసమే, అది కూడా తీసేస్తావా" అన్నారు. ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. నేను ఒట్టేశాను.

చైతన్యకీ తెలియదు. పొలంలో రొయ్యల చెరువులు తవ్విద్దామా నాన్నా అని రెండేళ్ళ కిందట వాడు వెనకనుంచి అడిగితే, ఈయన జవాబివ్వకుండా వెళ్ళిపోయారు. తండ్రికి తనంటే లెక్కలేదని వాడు ఆ రోజు నుంచీ ముక్తసరిగా ఉండిపోయాడు. ఈయనకి వాడు అడిగిందే వినపడలేదు.

ఇప్పుడు నేను నోరు విప్పితే ఆయన దాచుకున్నది బజారున పడుతుంది. విప్పకపోతే మీరు జైలుకి వెళతారు. ఇందులో ఏది చెయ్యాలో ఆలోచిద్దామని కూర్చుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది. కనీసం మీకు తెలియాలని రాశాను.

శకుంతల


తెనాలి,
ఆగస్టు 21.

చెల్లెమ్మకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు షాపు మూసేశాను. రామయ్య మీద వచ్చినంత కోపం నాకు ఈ జన్మలో ఎవరి మీదా రాలేదు. ఒరేయ్, ఒక్క మాట చెప్పి చావొచ్చు కదరా! నా మందుని తిట్టావు, నా పనితనాన్ని తిట్టావు, రెండు నెలలు నేను మాట్లాడకపోయినా ఊరుకున్నావు గానీ చెవి పోయిందని మాత్రం చెప్పలేదు. నేను పలకరించకపోయినా నీకు తెలిసేది కాదు కదరా అని వంటింట్లో నిలబడి అరిచాను. గౌస్ బీ పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళిచ్చింది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ రెండేళ్ళూ వాడి వంతప్పుడు తుపాకి ఎక్కువ తన్నేది, పొగ ఎక్కువ లేచేది. వాడేమో మోత లేదంటాడు. నేనేమో నా మందు అదిరిపోయిందని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, ఒకడికొకడు ఏమీ తెలియకుండా గడిపేశాం.

చెబితే ఏం చేసేవాణ్ణి అని ఆలోచించాను. కుండలు నేనే పెట్టేవాణ్ణి, అన్నీ రాసి చూపించేవాణ్ణి, వాడిని చూసుకునేవాణ్ణి అని మొదట రాశాను. కొట్టేశాను. అబద్ధం. మందు పోసి తుపాకి ఇచ్చేవాణ్ణి కాదు. వాడు నన్ను సరిగ్గానే అంచనా వేశాడు.

ఇప్పుడు అసలు మాట విను. నువ్వు విచారణలో ఇదేమీ చెప్పొద్దు. వాడు నాకే చెప్పుకోలేదు, ఆర్డీవో గారికి చెప్పడమెందుకు? రేపు ఊళ్ళో చెవిటి రామయ్య చేసిన పని అని చెప్పుకుని నవ్వుతారు. వాడు అంత తంటాలు పడి దాచుకున్నదాన్ని, పోయాక మనం విప్పడం న్యాయం కాదు. మందు నాదే, లైసెన్సు లేకుండా చేసింది నేనే, అది నిజమే కదా. ఆ నిజం ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. మిగతాది వాళ్ళు ఏం రాసుకుంటే అది రాసుకోనీ. ఈ వయసులో నాకు బయటున్నా లోపలున్నా ఒకటే నిశ్శబ్దం.

ఇరవై ఎనిమిదిన రేపల్లెలో కనపడతాం. నా వైపు చూడకు, చూస్తే నేను ఆగలేను.

షుకూర్ అన్నయ్య


బాపట్ల,
ఆగస్టు 29.

అన్నయ్య గారికి,

నిన్న మీరు నా ఎదురుగానే నిలబడ్డారు. తల ఊపుతూనే ఉన్నారు. నేను చెప్పింది ఒక్క ముక్క కూడా మీకు వినపడలేదని తెలుస్తూనే ఉంది. మొహం గోడవైపు తిప్పుకున్నారు కాబట్టి నా పెదాలు కూడా చూడలేదు. మీతో వచ్చిన మీ తమ్ముడి కొడుకు మీకు సగమే చెప్పి ఉంటాడు. అందుకని నేను ఏం చెప్పానో రాస్తున్నాను.

మీరు వద్దన్న మాటే చెప్పాను.

ముందు మీరు చెప్పారు కదా, మందు నాదే సార్, నా మందు వల్లే పోయాడు అని. మందు ఒక్కటే ఒప్పుకుని ఊరుకుంటానని నాకు రాసి, అక్కడ మళ్ళీ పాత మాటే చెప్పారు. చైతన్య నా పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. తర్వాత మీరేమైనా చెబుతారా అమ్మా అని ఆర్డీవో గారు నన్ను అడిగారు. చెప్పేదేమీ లేదనే అందామని లేచాను. అప్పుడు మీ వైపు చూశాను. ఆయన మా ఇంట్లో తల ఊపినట్టే మీరు తల ఊపుతున్నారు. ఏమీ వినకుండానే, ఎవరేమన్నా అన్నిటికీ సరే అంటున్నారు. నాకు ఒళ్ళు మండింది అన్నయ్య గారూ. ఈ నాలుగు నెలల్లో నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

"మా ఆయనకి వినపడదు సార్. మూడేళ్ళుగా వినపడదు. మోత వినాలని ఈ అన్నయ్య గారికి తెలియకుండా షెడ్డులో కూర్చుని ఎక్కువ మందు పోసుకున్నారు. ఈయన కొలిచింది సరిగ్గానే కొలిచారు. మందు మంచిదే" అన్నాను. గట్టిగానే అన్నాను, బయట వరండాలో ఉన్నవాళ్ళు కూడా లోపలికి చూశారు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. ఆయన చెప్పొద్దన్నారు సార్ అన్నాను. ఆర్డీవో గారు అది కూడా రాసుకున్నారు.

తర్వాత చైతన్యని అడిగారు, మీ నాన్నగారికి వినపడదన్నది నిజమేనా అని. వాడు నా మొహం చూశాడు. "తెలియదు సార్. నేను పిలిస్తే పలికేవారు కాదు. నా మీద కోపం అనుకున్నాను" అన్నాడు.

లైసెన్సు లేకుండా మందు చేసినందుకు మీ మీద కేసు ఉంటుందట, అది తప్పదట. మనిషి ప్రాణం పోయింది మీ వల్ల కాదని మాత్రం రాశారు. మీ మీద చైతన్య వేరే ఫిర్యాదు ఇవ్వడం లేదు. వాడే ఆ మాట చెప్పి సంతకం పెట్టాడు.

తిరిగి వస్తూ బండి దారిలో ఆపేశాడు. పెట్రోలు అయిపోయిందేమో అనుకున్నాను. "నాన్నకి నా మీద కోపం లేదా అమ్మా?" అని అడిగాడు. లేదురా, నువ్వు అడిగింది ఆయనకి వినపడలేదు, అంతే అన్నాను. వాడు ఆ రోడ్డు పక్కన, లారీలు పోతుంటే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు కూడా ఏడుపు వచ్చింది. ఆయన పోయాక నేను ఏడవడం నిన్ననే. ఇప్పటికీ ఆగడం లేదు, ఈ కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయిన చోట సరిచూసుకుని చదవండి.

ఊరు నవ్వుతుందన్నారు. నవ్వనివ్వండి. ఆయనకి కోపం వస్తే నా మీదే రానివ్వండి, నేను పడతాను. దాచిపెట్టి ఆయన ఏం బాగుపడ్డారని మిమ్మల్ని కూడా అలాగే పోనివ్వాలి?

వచ్చే నెల ఏడో తారీఖు, ఆదివారం, చైతన్య మీ ఇంటికి వస్తున్నాడు. మీతో మాట్లాడాలట. ఆ రోజు పెద్దకర్మకి గుమ్మంలో ఏమన్నాడో అది కూడా చెబుతాడట. వాడిని ఎడమపక్కన కూర్చోబెట్టుకోండి. వినపడకపోతే వినపడలేదని చెప్పండి. ఎన్నిసార్లయినా మళ్ళీ చెబుతాడు. తల మాత్రం ఊపకండి.

మీ చెల్లెలు
శకుంతల